మూడింటి మనిషి

మనకి పెళ్ళయి పదహారు నెలలు, టెల్మో.
ఇద్దరం ఒకేసారి నిద్రలేచిన పొద్దులు
ఒక్క చేతి వేళ్ళ మీద లెక్కపెడితే
ఇంకా ఉంగరం వేలు మిగిలిపోతుంది.

నువ్వు మూడింటికి లేచి బేకరీకి పోతావు,
బూట్లు చేతపట్టుకుని, దొంగలా.
నేను ఎనిమిదింటికి కళ్ళజోళ్ళ దుకాణం తెరుస్తాను.
నేనొచ్చేసరికి నువ్వు పడుకునుంటావు,
కనురెప్పల మీద పిండి.
నీకు సెలవు మంగళవారం, నాకు ఆదివారం.
మన కాపురం చాలామటుకు ఫ్రిజ్ తలుపు మీద జరుగుతుంది:
"పాలు లేవు."
"గ్యాస్ అతనికి డబ్బులిచ్చా."
"కింది వాటా ఎర్మెలిందా గారు మళ్ళీ అడిగారు,
మన కుళాయి రాత్రంతా ఎవరితో మాట్లాడుతోందని."
ఒకసారి "ప్రేమతో" అని రాశావు.
దాని కింద నేను "బంగాళాదుంపలు" అని చేర్చాను.

మీ యజమానిని మూడు వారాలు బతిమాలి
రెండు రోజులు సంపాదించావు.
శుక్రవారం సాయంత్రం కొవిల్యా నుంచి పోర్తో బస్సు.
గ్వార్దా రాకముందే నా భుజం మీద ఒరిగిపోయావు.
కిటికీకీ నీకూ మధ్య నలుగుతూ
ఊళ్ళ పేర్లన్నీ నేనొక్కదాన్నే చదువుకున్నాను.

శనివారం నదిని చూశాం, అందరూ చూసే చోటునుంచే.
వంతెన మీద నీకు కళ్ళు తిరిగాయి.
కొండమీద పుట్టినవాడివి, సిగ్గులేదూ అన్నాను.
"కొండ ఊగదు నొయేమియా" అన్నావు.
కొత్త బూట్లు నా మడమ కరిచాయి.
చేపలు తిన్నాం, బిల్లు చూసి
ఇద్దరం ఒకేసారి నీళ్ళు తాగాం.
ఒక అంగట్లో పిట్ట బొమ్మ ఉన్న నీలిరంగు పలక,
పదకొండు యూరోలు.
చేతిలోకి తీసుకుని, పెట్టేసి, వీధి చివరిదాకా వెళ్ళి,
వెనక్కొచ్చి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ పెట్టేశాం.
వాన.
గొడుగొక్కటే. నీ ఎడమ భుజం, నా కుడి భుజం
ఊరికి వదిలేశాం.

గదిలో దుప్పటి అంచులు పరుపు కిందకి గట్టిగా దోపి ఉన్నాయి.
"ఎవరో మనల్ని కవర్లో పెట్టి పోస్టు చేస్తున్నట్టుంది" అన్నావు.
తర్వాత మాటల్లేవు.

అర్ధరాత్రి దాటాక మెలకువొచ్చింది.
పక్కన చోటు చల్లగా ఉంది.
అలవాటైన చల్లదనమే, అటు తిరిగి పడుకోబోయాను.
అప్పుడు గుర్తొచ్చింది,
ఈ ఊళ్ళో నువ్వు వెళ్ళాల్సిన చోటేదీ లేదని.

కిటికీ దగ్గర కూర్చున్నావు,
చొక్కా గుండీలన్నీ పెట్టుకుని.
"కాళ్ళు లేచేశాయి. నేనేం చెయ్యను?"

నాకు తెలిసింది సాయంత్రపు మొహం, వాడిపోయినది.
ఇది వేరు.
వీడెవడో అందగాడు అనుకున్నాను,
రోజూ నా పక్కలోంచే లేచిపోతున్నాడు.

వీధిలోకి దిగాం. తడి రాళ్ళు. ఒక చెత్తబండి.
ముందు నీ ముక్కు, దాని వెనక నువ్వు, నీ వెనక నేను.
మూడో సందులో సగం ఎత్తిన షట్టర్,
కింద పసుపు వెలుతురు, రేడియో, రెండు జతల తెల్ల బూట్లు.
వంగి వాసన చూశావు.
"తొందరపడ్డారు. పిండి ఇంకో అరగంట పడుకోవాలి."
లోపలాయన విన్నాడు. షట్టర్ ఎత్తాడు. తిడతాడనుకున్నాను.
నువ్వు చేతులు చాచావు, మణికట్ల మీద కాలిన గీతలు.
ఆయనా చాచాడు.
అంతే పరిచయం.
"అరగంట సంగతి నిజమే, మా ముసలాయన వినడు" అని
కాగితంలో వేడి రొట్టె చుట్టి ఇచ్చాడు.

ఎవరివో మెట్ల మీద కూర్చుని తిన్నాం.
నాకే తేడా తెలియలేదు.
నీకు తెలిసింది, తెలిసీ పెద్ద సగం నువ్వే తిన్నావు.

ఆదివారం నాకేమీ గుర్తులేదు.
ఉచిత అల్పాహారం కూడా నిద్రలోనే పోయింది.

ఇల్లు. కుళాయి మాట్లాడుతూనే ఉంది.
ఆ పలక ఎక్కడ పెట్టేవాళ్ళమో ఆలోచించాను,
పొయ్యి పక్కన, మసి తగలకుండా.

సోమవారం మూడింటికి నువ్వు బూట్లు చేతపట్టుకున్నావు.
"వేసుకో, మెలకువగానే ఉన్నా" అన్నాను, కళ్ళు తెరవకుండా.
మంచం అంచున కూర్చుని వేసుకున్నావు,
లేసులు రెండుసార్లు ముడివేసి,
నా పాదం ఒకసారి నొక్కి,
మెట్లన్నీ మోగేలా దిగి వెళ్ళావు.

కిందనుంచి ఎర్మెలిందా గారు చీపురుకర్రతో
కప్పుని రెండుసార్లు పొడిచారు.